ఎండిన ఏళ్ల వెంట ఒరిక్స్ వేట

కోరిక్సాస్ దాటాక తారురోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి పడమటికి, అట్లాంటిక్ తీరం దాకా కంకర రోడ్డే. ఊళ్లు పెద్దగా తగలవు. తగిలినా నాలుగు రేకుల ఇళ్లు, నీళ్లు తోడే గాలిమర, కాసిని మేకలు. నమీబియా వాయవ్యంలోని ఈ ప్రాంతాన్ని ఇప్పటికీ పాతపేరుతో డమరాలాండ్ అనే పిలుస్తారు. ఎటుచూసినా ఎర్రటి బోడిగుట్టలు, వాటి మధ్య ఎండిన ఏళ్లు. హువాబ్, ఉగాబ్, హోవానిబ్ అనే ఈ ఏళ్లు ఏడాదిలో పారేది కొన్ని రోజులే. కొన్నేళ్లు అదీ ఉండదు. కానీ ఇసుక అడుగున తడి నిలుస్తుంది కాబట్టి ఒడ్డు పొడవునా మన తుమ్మకు దగ్గరి చుట్టాలైన పెద్ద పెద్ద ముళ్ల చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. ఏనుగులు, జిరాఫీలు, కొండ జీబ్రాలు, ఒరిక్స్ అనే పెద్ద జింకలు ఆ పచ్చటి చారల ఆసరాతోనే ఎడారిలో బతుకుతున్నాయి.

నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది మా పెదనాన్నగారి అబ్బాయి. ఎన్నో ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాడు. ఏటా చలికాలంలో దుప్పుల వేటకు వెళ్తాడు, ఆ మాంసాన్నే ఏడాదంతా ఇంట్లో వండుకుంటారు. "ఎడారి వేట వేరురా, చూద్దువుగాని రా" అన్నాడు. నేను తుపాకి పట్టను. కానీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టంతో ఆగిపోయిన వేట, ఇంకో దేశంలో వన్యప్రాణుల్ని కాపాడే పద్ధతుల్లో ఒకటిగా ఎలా నడుస్తోందో కళ్లారా చూడాలని ఎప్పట్నుంచో ఉంది.

ముందు కాగితాల సంగతి. నమీబియాలో విదేశీయులకు ట్రోఫీ వేట (తలనో కొమ్ములనో గుర్తుగా తీసుకెళ్లే వేట) కాలం ఫిబ్రవరి 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. ప్రభుత్వం దగ్గర నమోదైన వేట గైడు పక్కన లేకుండా ఒక్క తూటా పేల్చడానికి వీల్లేదు. పర్మిట్ మీద ఒక జాతిలో రెండు జంతువులకు మించి ఇవ్వరు. సొంత రైఫిల్ తెచ్చుకునేవాళ్లు దేశంలో అడుగుపెట్టిన చోటే పోలీసుల దగ్గర తాత్కాలిక అనుమతి రాయించుకోవాలి. పిస్తోళ్లు, ఆటోమేటిక్ ఆయుధాలు కుదరవు. తూటాకు ఎంత శక్తి ఉండాలో కూడా చట్టంలోనే ఉంది: స్ప్రింగ్‌బాక్ జింకకు 1,350 జౌళ్లు, ఒరిక్స్‌కు, కుడు అనే పెద్ద జింకకు 2,700, ఏనుగుకు, అడవి దున్నకు 5,400. ఇవి కనీసాలు. అన్నయ్య తెచ్చుకున్నది 30-06 రైఫిల్, అందులో బరువైన రాగి తూటాలు. సీసం వద్దని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు, ఆ నిర్ణయం నాకు నచ్చింది. సీసపు తూటా తగలగానే ముక్కలై మాంసంలో చెదిరిపోతుంది. వదిలేసిన పేగుల్ని రాబందులు తింటే ఆ విషం వాటికెక్కుతుంది. అసలే ఆఫ్రికాలో రాబందులు తగ్గిపోతున్నాయి. ఎడారి వేటకు వెళ్లేవాళ్లు సంచిలో మొదట మార్చాల్సింది తూటాలే.

కాలం విషయానికొస్తే జూన్ నుంచి ఆగస్టు దాకా మేలు. తెల్లవారుజామున చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, పది గంటలకల్లా కోటు విప్పేస్తాం. సెప్టెంబరు దాటితే ఎండ ముదిరి జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరతాయి. అప్పుడు వేట సులువని కొందరు ఆ నెలలే ఎంచుకుంటారు. చుట్టూ మైళ్ల దూరం చుక్క నీరు లేని చోట, దాహంతో వచ్చిన జంతువును గుంట పక్కన నక్కి కాల్చడాన్ని నేను వేట అనను. మా గైడూ అనడు. ఆయనతో బేరం కుదరడానికి అదో కారణం.

దారిలో ఒచివరోంగో దగ్గర కాసేపు ఆగాం. చీతాల కోసం 1990 నుంచి పనిచేస్తున్న చీతా కన్సర్వేషన్ ఫండ్ కేంద్రం ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. 2022 సెప్టెంబరు 17న మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చిన ఎనిమిది చీతాలు ఈ దేశానివే. మన చీతాల్లో చివరివిగా చెప్పే మూడింటిని 1947లో ఒక మహారాజు కాల్చేశాడు, 1952లో ఆ జాతి దేశంలో అంతరించిందని ప్రకటించారు. వేటతో పోగొట్టుకున్న జంతువును వేట చట్టబద్ధంగా సాగే దేశం నుంచి తెచ్చుకున్నాం. ఈ సంగతి దారంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇక్కడి కథ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. దక్షిణాఫ్రికా పాలనలో, 1960ల చివర, తెల్లవాళ్ల కంచె భూముల్లోని అడవి జంతువుల మీద ఆ రైతులకే హక్కు ఇచ్చారు. వేటాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. దాంతో వాళ్ల పొలాల్లో జంతువులు పెరిగాయి. నల్లవాళ్లను నెట్టిన ఉమ్మడి భూముల్లో మాత్రం అదే ఒరిక్స్‌ను చంపితే నేరం. 1980ల మొదట్లో భయంకరమైన కరువొచ్చింది, పశువులు చచ్చిపోయాయి, దొంగవేట పెరిగింది. ఖడ్గమృగాలు, ఏనుగులు ఇక మిగలవనుకున్న రోజులవి. అప్పుడు గార్త్ ఓవెన్‌స్మిత్ అనే ఆయన ఊరి పెద్దల దగ్గరికెళ్లి కూర్చున్నాడు. వాళ్లలోంచే కాపలాదారుల్ని ఎంచమన్నాడు, జీతం కింద కొంత డబ్బు, తిండిగింజలు ఇప్పించాడు. అడవి ఎరిగినవాళ్లే, కొందరైతే అంతకుముందు వేటాడినవాళ్లే, కాపలాకు దిగారు. దొంగవేట తగ్గింది. ఈ పనికి ఆయనకూ, మార్గరెట్ జాకబ్‌సన్‌కూ కలిపి 1993లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. 1990లో దేశం స్వతంత్రమైంది. 1996లో చట్టం సవరించి, తెల్ల రైతులకున్న హక్కు లాంటిదే ఉమ్మడి భూముల్లోని జనానికీ ఇచ్చారు. ఊళ్లన్నీ కలిసి హద్దులు గీసుకుని, సభ్యుల జాబితా రాసుకుని, కమిటీ వేసుకుంటే అది ఒక కన్సర్వెన్సీ. 1998లో మొదటివి నమోదయ్యాయి. ఇప్పుడు 86 ఉన్నాయి, దేశ విస్తీర్ణంలో సుమారు ఐదోవంతు వాటిదే. ఏటా జంతువుల్ని లెక్కపెట్టి, ఎన్నిటిని తీయవచ్చో ప్రభుత్వంతో కలిసి తేల్చుకుంటారు. మేము వెళ్లినది అలాంటి ఒక కన్సర్వెన్సీకే.

ఇక ఒరిక్స్. ఇక్కడివాళ్లు గెమ్స్‌బాక్ అంటారు. మగది 200 కిలోలకు పైనే ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, ముఖం మీద నలుపు తెలుపు పట్టీలు, నిటారుగా కత్తుల్లాంటి కొమ్ములు. ఆడదానికీ కొమ్ములుంటాయి, సన్నగా, తరచూ మగదానివాటికన్నా పొడుగ్గా. నీళ్లు తాగకుండా చాలాకాలం ఉండగలదు. పగటి వేడికి తన ఒంటి వేడిని 45 డిగ్రీల దాకా ఎక్కనిస్తుంది. మనకైతే మెదడు దెబ్బతింటుంది. దాని తలలో, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నటి వల మాదిరిగా చీలి, ముక్కులో చల్లబడిన రక్తం పక్కనుంచి సాగుతాయి. అందుకని ఒళ్లు కాలిపోతున్నా మెదడుకు చేరే రక్తం కాస్త చల్లగా ఉంటుంది. రాత్రిపూట మేస్తుంది, ఎందుకంటే పగలు పెళుసుగా ఎండిన ఆకులు కూడా రాత్రి గాలిలోని తేమ పీల్చుకుంటాయి. ఇంత నేర్పుతో బతుకుతున్న ప్రాణి మీద తుపాకి ఎత్తేవాడికి దాని గురించి ఇంతైనా తెలిసి ఉండాలని నా పట్టుదల.

మొదటి రోజులన్నీ చూడ్డంతోనే గడిచిపోయాయి. ఎడారి వేటలో తుపాకి కన్నా బైనాక్యులర్ ముఖ్యమని ఎవరు చెప్పినా నమ్మండి. చీకటితోనే గుట్ట ఎక్కి, శిఖరం మీద కాకుండా దానికి కాస్త కింద, వెనక రాయి ఉండేట్టు కూర్చోవాలి. ఆకాశం వెనకాల ఉంటే మన తల కిలోమీటరు నుంచీ కనిపిస్తుంది. ఎండ వెనకనుంచి పడేట్టు చూసుకుని, లోయను ముక్కలుగా చేసుకుని ఒక్కో ముక్కా నెమ్మదిగా వెతకాలి. పూర్తి జంతువు కనబడుతుందని ఆశపడొద్దు. తోక ఊపు, కొమ్ము చివర మెరుపు, చెట్టు నీడలో అడ్డంగా ఉన్న ఒక గీత, ముందు కనబడేవి అవే. తొమ్మిదిన్నర దాటితే నేలమీద ఎండమావులు లేస్తాయి. దూరంగా ఉన్నవి నీళ్లమీద తేలినట్టు ఊగుతాయి, అప్పుడిక గురి సంగతి మర్చిపోవాలి.

గాలి ఇంకో పెద్ద పాఠం. తెల్లవారుజామున చల్లగాలి ఏటి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ పడి రాళ్లు వేడెక్కగానే అదే గాలి పైకి తిరుగుతుంది. మధ్యాహ్నానికి సముద్రం వైపునుంచి పడమటి గాలి మొదలవుతుంది. ఈ మార్పుల నడుమ పావుగంట సేపు గాలి ఎటూ తేలక సుడి తిరుగుతుంది, ఆ సమయంలో కదలొద్దు. జాడలు పట్టే మా ట్రాకర్ నడుముకు చిన్న గుడ్డసంచి కట్టుకున్నాడు, నిండా మెత్తటి బూడిద. నాలుగడుగులకోసారి దాన్ని తట్టేవాడు. బూడిద మా ముఖాల మీదికి వస్తే ముందుకు, జంతువు వైపు పోతే వెనక్కి. ఒకసారి గంటకు పైగా పాకి వెళ్లాక బూడిద ఉన్నట్టుండి అటు తిరిగింది. మందలో ఒక ఆడ ఒరిక్స్ తల ఎత్తింది, అంతే, మొత్తం మంద గుట్ట వెనక్కి వెళ్లిపోయింది.

మరో పూట మంచి మగది దొరికింది. అడ్డంగా నిలబడి ఉంది, కదలడం లేదు. దూరం కొలిచే పరికరం 380 మీటర్లు చూపించింది. నాకైతే అందులో సగం కూడా ఉన్నట్టు అనిపించలేదు. ఈ పొడి గాలిలో, చెట్టూ చేమా లేని చోట కంటి అంచనా పనికిరాదు. అన్నయ్య మూడుకాళ్ల కర్ర మీద రైఫిల్ ఆనించాడు. గైడు రైఫిల్ మీద చెయ్యివేసి, "ఇంత దూరం వద్దు. ఇది మీ సత్తాకు సంబంధించిన మాట కాదు, దాని ప్రాణానికి సంబంధించిన మాట" అన్నాడు. అన్నయ్య మారుమాట్లాడకుండా తుపాకి దించేశాడు. టెక్సాస్‌లో మొక్కజొన్న చల్లిన చోట, మంచె మీద కూర్చుని కాల్చడం అలవాటైనవాడికి అది తేలిక కాదు. 200 మీటర్లు దాటితే కాల్చననే హద్దు ఇంటి దగ్గరే పెట్టుకుని రావాలి. కర్ర మీద ఆనించి కాల్చడం కూడా ఇంటి దగ్గరే సాధన చేయాలి, ఆయాసంతో రొప్పుతున్నప్పుడు మరీను. వచ్చిన మొదటిరోజే గుట్టకు గురిపెట్టి తుపాకి సరిగ్గా తగులుతోందో లేదో చూసుకోవాలి. విమాన ప్రయాణాల్లో రైఫిల్ మీది దుర్భిణి జరగడం మామూలే.

గురి ఎక్కడ పెట్టాలో చెప్పే ముందు ఒక హెచ్చరిక. ఒరిక్స్ భుజాల మీద వెన్నెముక ముళ్లు ఎత్తుగా మూపురంలా లేచి ఉంటాయి. అందువల్ల ఒళ్లు ఉన్నదానికన్నా లోతుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు మధ్యకు గురిపెట్టామనుకుంటారు, తూటా ఊపిరితిత్తుల పైనుంచి దూసుకుపోతుంది. జంతువు పడుతుంది, లేస్తుంది, పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చచ్చిపోతుంది. గుండె బాగా కిందికి, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. ముందుకాలి గీత వెంట చూపు పైకి తెచ్చి, ఒంటి ఎత్తులో మూడోవంతు దగ్గర ఆపాలి. అంతకు పైకి వద్దు.

చివరికి దొరికింది ఒంటరి ముసలి మగది. కొమ్ముల చివర్లు అరిగిపోయి, ఒకదాని మొన విరిగి ఉంది. కొలతల పుస్తకాలకెక్కే కొమ్ములు కావు. అందుకే గైడు దాన్ని ఎంచాడు. మంద నుంచి విడిపోయింది, దాని వంతు పిల్లలు ఎప్పుడో పుట్టి తిరుగుతున్నాయి. ఏటి ఒడ్డు చాటున, చేతులూ మోకాళ్లూ గులకరాళ్లకు కొట్టుకుపోతుండగా దగ్గరికి వెళ్లాం. 140 మీటర్లు. తుపాకి పేలింది. ఒరిక్స్ ఎగిరిపడినట్టు ముందుకు దూకి, ఏటి మలుపులో మాయమైంది. నేను లేవబోయాను. ట్రాకర్ నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. వెంటపడితే గాయపడ్డ జంతువు భయంతో ఇంకా దూరం పోతుంది, వదిలేస్తే పడుకుంటుంది. చాలాసేపు కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ట్రాకర్ చేసిన పనిని మాటల్లో పెట్టడం కష్టం. ఎడారిలో రక్తపు చుక్క చూస్తుండగానే ఎండి, ఇసుక రంగులో కలిసిపోతుంది. ఆయన చుక్కల కోసం వెతకలేదు, గిట్టలు చూశాడు. ఒక ముందుకాలి గిట్ట వెడల్పుగా విచ్చుకుని లోతుగా దిగింది, పక్కన ఇసుక ముందుకు చిమ్మింది. ఆ కాలు మీద బరువు ఎలా పడుతోందో చేత్తో చూపించాడు. నాలుకతో టక్కుమనే శబ్దాలు కలిసిన తమ భాషలో తోటివాడికి ఏదో చెప్పి, సూటిగా ఒక ముళ్లపొద వైపు నడిచాడు. దానికి పది అడుగుల ఇవతల ఒరిక్స్ పడి ఉంది. అప్పటికే ప్రాణం పోయింది. ఐనా ఆయన ఎదురుగా వెళ్లలేదు, వెనకనుంచి వెళ్లి కంటిని పొడుగాటి పుల్లతో తాకి చూశాడు. గాయపడ్డ ఒరిక్స్ పొదలో వెనక భాగం దాచుకుని, దగ్గరికొచ్చినవాణ్ణి కొమ్ములతో పొడిచేస్తుంది. సింహాలే దాని కొమ్ములకు చచ్చిన సందర్భాలున్నాయి.

ఈ విద్య ఇక్కడ నిన్న మొన్నటిది కాదు. అక్కడికి అంత దూరం కాని ట్వైఫెల్‌ఫాంటైన్‌లో, యునెస్కో 2007లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన బండల మీద, వేలఏళ్ల కిందటి వేటగాళ్లు జిరాఫీల్ని, ఖడ్గమృగాల్ని, ఒరిక్స్‌లను చెక్కారు. బొమ్మలతో పాటు అడుగుజాడలూ చెక్కారు. వేటకు వచ్చేవాళ్లెవరూ ఆ బండలు చూడకుండా వెనక్కి వెళ్లొద్దు.

ఇక మాంసం. ఎండలో గంటైతే పొట్ట ఉబ్బి మాంసం చెడుతుంది కాబట్టి ఫొటోల మోజు పక్కనబెట్టి వెంటనే కడుపు చీల్చాలి. కార్జాన్ని అక్కడికక్కడే నిప్పుల మీద కాల్చి ట్రాకర్లు మాకూ పెట్టారు. మిగతాదంతా ట్రక్కులో ఊరికి చేరింది. కన్సర్వెన్సీ కాపలాదారు ముందు తన సంఘటనల పుస్తకం తీసి వేట జరిగిన చోటు, ఆడా మగా, వయసు అంచనా, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నాడు. దొంగవేట, పొలం మీద ఏనుగు పడటం, మేకను చిరుత ఎత్తుకెళ్లడం, అన్నీ ఆ పుస్తకంలోకే ఎక్కుతాయి. తర్వాత చెట్టుకింద టార్పాలిన్ పరిచారు. పండక్కి పొట్టేలును కోసి మన పల్లెల్లో పోగులు వేసినట్టే, తొడ, పక్కటెముకలు, మెడ కలిసొచ్చేట్టు పోగులు వేశారు. ముందు ముసలివాళ్లకు, తర్వాత బడి వంటశాలకు, ఆ తర్వాత మిగతా ఇళ్లకు. ఒక పెద్దావిడ తన పోగులో ఎముకే ఎక్కువొచ్చిందని గొడవ పెట్టుకుని ఇంకో ముక్క వేయించుకుంది. అన్నయ్య కట్టిన కొన్ని వందల డాలర్ల రుసుములో కన్సర్వెన్సీ వాటా వేరే జమయింది, కాపలాదారుల జీతాలు అందులోంచే. అన్నయ్యకు దక్కేది ఆ అరిగిన కొమ్ముల తల.

ఇంత చూశాక కూడా, ఈ దేశంలో వేట పేరుతో జరిగేదంతా మంచిదని నేను చెప్పను. 2014 జనవరిలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే పర్మిట్‌ను అమెరికాలో వేలం వేస్తే 3,50,000 డాలర్లు పలికింది. మరుసటి ఏడాది దాన్ని కాల్చారు. పిల్లల్ని కనే వయసు దాటి, కుర్ర మగవాటిని చంపుతున్న ముసలిదాన్నే ఎంచామని ప్రభుత్వం చెప్పింది, డబ్బు వన్యప్రాణి నిధికి పోయింది. ఆ లెక్క నాకు అర్థమవుతుంది, ఒప్పుకుంటాను కూడా. కానీ 2019లో వూర్ట్రెకర్ అని పేరుబడ్డ ముసలి ఎడారి ఏనుగును "సమస్య జంతువు"గా ప్రకటించి ట్రోఫీ వేటగాడికి ఇచ్చినప్పుడు చుట్టుపక్కల కన్సర్వెన్సీల వాళ్లే అభ్యంతరం చెప్పారు. ఎడారి ఏనుగులు కొద్దివే. ఏ ఏటి అడుగున ఎక్కడ తవ్వితే నీరు ఊరుతుందో పెద్దవాటి వెంట తిరిగే కుర్రవి నేర్చుకుంటాయి. అలాంటి ఏనుగుకు ముసలి ఒరిక్స్‌కు వేసిన లెక్క వేయకూడదు.

కరువు ఇంకో ప్రశ్న. ఈ వాయవ్యంలో దశాబ్దానికి పైగా వానలు సరిగా లేక ఒరిక్స్‌లు, స్ప్రింగ్‌బాక్‌లు, జీబ్రాలు బాగా తగ్గాయి. 2024లో దేశమంతా ఆకలి ముదిరి, ప్రభుత్వమే 723 అడవి జంతువుల్ని చంపి మాంసం పంచుతామని ప్రకటించింది. వాటిలో 300 జీబ్రాలు, 83 ఏనుగులు. బయటి దేశాల్లో పెద్ద గోలైంది. ఆకలితో ఉన్న ఇంటికి మాంసం పంపడాన్ని నేను తప్పుపట్టలేను. కానీ వానలు రాని ఏట వేటగాడికిచ్చే సంఖ్య కూడా తగ్గాలి, కొన్నిచోట్ల సున్నా కావాలి. లెక్క తప్పితే ఈ పద్ధతి మొత్తం కూలుతుంది.

ఇది చదివి, మనకూ ఇలాగే పెడితే పోలేదా అనేవాళ్లుంటారు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు చెరకు, వరి తొక్కేసి వెళ్లిపోతే రైతు పడే బాధ నాకు తెలుసు. రోళ్లపాడు చుట్టూ కృష్ణజింకల మందలు పొలాల్లో పడటమూ తెలుసు. కానీ అక్కడ తుపాకి పేలితే తూటా ఆగేది పక్క ఊళ్లోనే. అడుగడుగునా మనుషులున్న నేల మనది. నమీబియా దగ్గర మనం తెచ్చుకోవాల్సింది వేట కాదు. జంతువుతో కలిసి బతికే ఊరివాడి పేరు మీద హక్కు రాయడం, నష్టం జరిగిన రోజే పుస్తకంలోకి ఎక్కించడం, ఆదాయంలో అతనికి నేరుగా వాటా ఇవ్వడం, ఇవి తెచ్చుకోవచ్చు.

ఏ దేశంలో ఉన్నా, ఆఫ్రికా ఎడారికి వేటకు వెళ్లాలని ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. అడ్వాన్సు కట్టేముందు వేట నడిపించేవాణ్ణి అడగండి: నేల ఎవరిది, ఈ ఏడాది సంఖ్య ఎవరు తేల్చారు, మాంసం ఎవరి ఇంటికి పోతుంది, కంచె ఉందా. సూటిగా చెప్పకపోతే డబ్బు కట్టొద్దు. ఎడారి ఏనుగును, ఎడారి సింహాన్ని ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు.